శ్వాస పాఠాన్ని క్వారీ అడుగున చెప్పండి: ఫిజియాలజీ ఆచార్యులకు బహిరంగ లేఖ

ఒంగోలు, నెల్లూరు వైద్య కళాశాలల ఫిజియాలజీ ఆచార్యులకు, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు

నమస్కారం.

మీ పాఠ్యపుస్తకంలో శ్వాసక్రియ అధ్యాయం దగ్గర హాల్డేన్ ఎఫెక్ట్ అని ఒక పేరా ఉంటుంది. ఆక్సిజన్‌ను వదిలేసిన హీమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా మోయగలదని, ఊపిరితిత్తుల్లో మళ్లీ ఆక్సిజన్ అందగానే ఆ బరువును దించేసుకుంటుందని అందులో ఉంటుంది. దాని పక్కనే, కార్బన్ డయాక్సైడ్ పెరిగిన చోట హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను సులువుగా వదిలేస్తుందని చెప్పే బోర్ ఎఫెక్ట్. రెండింటికీ తేడా రాయమని పరీక్షలో అడుగుతారు, విద్యార్థులు రాస్తారు, మార్కులు పడతాయి. హాల్డేన్‌తో మీకు పని అక్కడితో తీరిపోతుంది.

నా విన్నపం అక్కడ మొదలవుతుంది. ఏడాదికి ఒక్క ప్రాక్టికల్ క్లాసునైనా కళాశాల గోడలు దాటించి, మన క్వారీల్లోకి, ఉప్పు మడుల్లోకి, రొయ్యల చెరువుల గట్ల మీదికి తీసుకువెళ్లండి. అక్కడి గాలిని, అక్కడి వేడిని, అక్కడి మనిషి ఊపిరిని కొలవండి. కొలిచినదాన్ని ఆ పని చేసేవాళ్లకు తెలుగులో చెప్పండి. ఇది కొత్త ఆలోచన కాదు. హాల్డేన్ ఎఫెక్ట్‌లోని ఆ హాల్డేన్ జీవితమంతా చేసిన పని ఇదే.

నేను సంతనూతలపాడు ప్రాంతంలోని ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. నా దగ్గర చదివిన పిల్లల్లో కొద్దిమంది డాక్టర్లయ్యారు. అంతకు ఎన్నో రెట్ల మంది చీమకుర్తి క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనికి కుదిరారు. ఊపిరితిత్తుల బొమ్మను నల్లబల్ల మీద గీసి ఇద్దరికీ చెప్పినవాడిని కనుక, మొదటివారు రెండోవారి దగ్గరకు ఒకసారి రావాలని అడిగే చనువు తీసుకుంటున్నాను.

జాన్ స్కాట్ హాల్డేన్ 1860లో ఎడిన్‌బరోలో పుట్టారు. కలిగిన కుటుంబం. అన్న రిచర్డ్ బ్రిటన్ యుద్ధమంత్రిగా, ఆ తర్వాత లార్డ్ చాన్సలర్‌గా పనిచేశాడు. తమ్ముడు 1884లో వైద్య పట్టా పుచ్చుకుని, హాయిగా ప్రాక్టీసు పెట్టుకోవలసింది పోయి, డండీ పట్టణంలో గాలి కొలవడం మొదలుపెట్టారు. కార్నెలీ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడితో కలిసి అర్ధరాత్రి దాటాక పేదల ఒంటిగది ఇళ్ల తలుపులు తట్టి, సీసాల్లో గాలి పట్టుకొచ్చేవారు. పగలైతే తలుపులు తెరిచి ఉంటాయి, జనం పనులకు పోయి ఉంటారు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుని పీల్చే గాలి ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ వేళకే పోవాలి. బడుల్లోని గాలిని, మురుగు కాలువల్లోని గాలిని కూడా అలాగే పట్టారు. అప్పట్లో సకల రోగాలకూ మురుగు కాలువ వాసనే మూలమని గట్టి నమ్మకం. తీరా కొలిస్తే, మురుగు కాలువ గాలిలో కన్నా బడి గదుల గాలిలోనే సూక్ష్మజీవులు ఎక్కువ. కిక్కిరిసిన తరగతి గదుల్లో పాఠాలు చెప్పిన నాకు ఆ ఫలితం ఏమాత్రం ఆశ్చర్యం కలిగించలేదు.

ఆ తర్వాత ఆయన ఆక్స్‌ఫర్డ్ చేరారు. అక్కడ రీడర్ దాకా వచ్చారు కానీ ఫిజియాలజీ ప్రొఫెసర్ పీఠం మాత్రం దక్కలేదు. మనిషి సగం కాలం గనుల్లోనే ఉంటే పీఠాలు ఎలా దక్కుతాయి?

1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. పేలుడు కాబట్టి దెబ్బకో, మంటకో పోయి ఉంటారని అందరూ అనుకుంటారు. హాల్డేన్ వెళ్లి శవాలను పరీక్షించారు. చాలామంది పేలుడు తాకిడికి కాక ఊపిరాడక పోయినవాళ్లు. చర్మం గులాబీ రంగులోకి తిరిగి ఉంది. రక్తం పరీక్షిస్తే తెలిసింది: ప్రాణాలు తీసింది పేలుడు తర్వాత సొరంగాల్లో పరుచుకున్న కార్బన్ మోనాక్సైడ్. అంటే పేలుడు జరిగాక కూడా వాళ్లలో చాలామంది బతికే ఉన్నారు, ఎటు నడవాలో తెలిసి ఉంటే, ముక్కుకు ఏదైనా ఆధారం ఉండి ఉంటే బయటపడేవారు. ఒక ప్రమాద నివేదికలో ఇంతకన్నా బరువైన వాక్యం ఉండదు. బ్రిటన్ హోంశాఖకు ఆయన రాసి ఇచ్చిన నివేదిక సారం అదే.

ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారు? అంతకు ముందు సంవత్సరం ఆ విషవాయువును తానే పీల్చి చూశారు కాబట్టి. ఆ వాయువు హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని మీకు నేను చెప్పక్కరలేదు. ఆయన గంటకు పైగా దాన్ని పీలుస్తూ, మధ్యమధ్య తన రక్తం చుక్కలు తీసి రంగు పోల్చుకుంటూ, తన హీమోగ్లోబిన్‌లో 56 శాతం విషంతో నిండేదాకా ఆగలేదు. అడుగులు తడబడటం, చూపు మసకబారడం, తెలివి మందగించడం, అన్నీ రాసుకున్నారు. ఆ ఇంటి వంశచిహ్నం మీద ఉన్న ఒకే ఒక్క మాటకు అర్థం ‘ఓర్చుకో’ అని. ఆయన దాన్ని మరీ అక్షరాలా పాటించారనిపిస్తుంది.

గనుల్లోకి చిన్న పిట్టలను, ఎలుకలను తీసుకుపొమ్మని సలహా ఇచ్చింది కూడా ఆయనే. చిన్న ప్రాణికి ఒంటి బరువుతో పోలిస్తే ఊపిరి వేగం చాలా ఎక్కువ కాబట్టి విషం దాని రక్తంలో ముందు నిండుతుంది. మనిషికి ఏమీ తెలియకముందే కానరీ పిట్ట కొయ్య మీద నుంచి జారిపడుతుంది. వెనక్కి రావడానికి ఆ కాస్త వ్యవధి చాలు. పిట్టను బతికించుకోవడానికి పంజరానికి చిన్న ఆక్సిజన్ సిలిండరు కూడా బిగించేవారు. బ్రిటిష్ గనుల్లో ఈ పిట్టల కొలువు 1986 దాకా సాగింది.

మన పొదిలి, కనిగిరి, దర్శి వైపు పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగి ఒకరు పడిపోవడం, అతన్ని పైకి తేవాలని దిగినవారూ పడిపోవడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. పెద్దలు లాంతరు దించి చూసేవారు. ఆక్సిజన్ పదిహేడు శాతం దరిదాపులకు పడిపోతే దీపం ఆరిపోతుంది, మనిషి మాత్రం ఇంకా నిలబడి ఉండగలడు, కాబట్టి అది పనికొచ్చే పద్ధతే. కానీ బావి లోపల డీజిల్ ఇంజను ఆడించి ఉంటే, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ సంగతి దీపం చెప్పదు. వెలుగుతూనే ఉంటుంది. ఈ తేడా ఎన్ని గ్రామ సచివాలయాల్లో తెలుసు? చెప్పవలసినవాళ్లు మీరు.

కొడుక్కి కూడా ఆయన పాఠాలు గనిలోనే చెప్పారు. ఒక గనిలో పైకప్పు దగ్గర మీథేన్ పేరుకుని ఉన్న చోట పిల్లవాణ్ణి నిలబెట్టి, కంఠస్థం వచ్చిన ఒక నాటక ప్రసంగం అప్పగించమన్నారు. కొన్ని వాక్యాలకే ఊపిరందక పిల్లవాడు కూలబడ్డాడు. నేల మీద పడగానే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలికని, అది పైన చేరుతుందని, పీలిస్తే వెంటనే చచ్చిపోరని ఆ కుర్రవాడు జన్మలో మరిచిపోలేదు. ఇప్పుడు ఏ బడిలో అయినా ఇలాంటి పాఠం చెబితే ఆ మేష్టారు సాయంత్రానికి పోలీసు స్టేషన్‌లో ఉంటాడు, ఉండాలి కూడా. ఆ పిల్లవాడే జె.బి.ఎస్. హాల్డేన్, జన్యుశాస్త్రంలో మహా దిట్ట. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయన అస్థిపంజరం అక్కడి మ్యూజియంలో ఉంది. తండ్రి పేరు మీ ఫిజియాలజీ పుస్తకంలో, కొడుకు ఎముకలు మన రాష్ట్రంలోని అనాటమీ విభాగంలో. తెలుగు వైద్య విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి బంధుత్వం ఇంకేం కావాలి?

ఇక మీకు బాగా తెలిసిన భాగం. 1905లో తండ్రి హాల్డేన్ తన సహచరుడు ప్రీస్ట్లీతో కలిసి, మన ఊపిరి వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఊపిరితిత్తుల గదుల్లోని కార్బన్ డయాక్సైడేనని నిరూపించారు. నన్ను ముగ్ధుణ్ణి చేసేది అందుకు వాడిన సామగ్రి. ఒక అంగుళం వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న రబ్బరు గొట్టం ముక్క. తోటకు నీళ్లు పెట్టే గొట్టం లాంటిదే. ఒక కొసన నోరు పెట్టి, ఉన్న గాలినంతా ఒక్కసారిగా గట్టిగా ఊది, నాలుకతో ఆ రంధ్రం మూసేయాలి. గొట్టంలో నోటి దగ్గర చిట్టచివరగా మిగిలిన గాలి ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చినది. పక్క నాళం ద్వారా దాన్ని పట్టి విశ్లేషించాలి. అంతే. దానితో తేలిందేమిటంటే, ఆ లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు 5.6 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది, అది 0.2 శాతం పెరిగితే చాలు, ఊపిరి రెట్టింపవుతుంది. కోట్ల రూపాయల పరికరాలు లేవని ప్రయోగాలు ఆపుకున్నవాళ్లు ఈ గొట్టం ముక్కను ఒకసారి తలుచుకోవాలి.

సముద్రపు లోతుల నుంచి పైకి వచ్చేటప్పుడు రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టకుండా అంచెలంచెలుగా ఎలా రావాలో మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో పట్టికలు ఇచ్చారు. డైవర్ల పట్టికలన్నిటికీ అది మూలం. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద మకాం పెట్టి పలుచటి గాలికి ఒళ్లు ఎలా అలవాటు పడుతుందో చూశారు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలితే, ఫ్రాన్స్‌కు వెళ్లి అది క్లోరినేనని తేల్చి, ముసుగుల తయారీకి సాయపడ్డారు. ఒక్కొక్కటీ ఒక్కో లేఖకు సరిపడే కథ. నాకు మాత్రం మన జిల్లాలకు పనికొచ్చే రెండు సంగతులే ముఖ్యం: రాతి దుమ్ము, ఉక్క.

దుమ్ము సంగతి ముందు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తగరపు గనుల్లో పనివాళ్లు పాలిపోయి నీరసపడిపోతుంటే 1902లో హాల్డేన్‌ను పిలిచారు. రక్తం చూసి, అది కొంకిపురుగుల వల్ల వచ్చిన రక్తహీనత అని తేల్చారు. గని లోపల మరుగుదొడ్లు లేవు, అదీ కారణం. కథ అక్కడ ముగియలేదు. డ్రిల్లు మిషన్లతో రాయి తొలిచినవాళ్లు నడి వయసు రాకముందే ఊపిరితిత్తుల జబ్బుతో రాలిపోతున్నారని మరణాల లెక్కలు చూపించాయి. వాళ్లలో కొందరు దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లు. 1904లో మరో ఇద్దరితో కలిసి ఇచ్చిన నివేదికలో ఆయన తేల్చినది ఇది: యంత్రపు డ్రిల్లు లేపే సన్నటి రాతి దుమ్ము ఊపిరితిత్తులను గాయపరుస్తుంది, ఆ పుండులోకి క్షయ సులువుగా దిగుతుంది. మందు? డ్రిల్లు మొన దగ్గర నీళ్లు చిమ్మడం. దుమ్ము గాలిలోకి లేవక ముందే దాన్ని బురద చేసేయడం.

ఆ నివేదిక వచ్చి 120 ఏళ్లు దాటింది. చీమకుర్తి దగ్గర ఒక క్వారీలో నా పాత విద్యార్థి డ్రిల్లు పట్టుకుని ఉంటే కొంతసేపు పక్కన నిలబడ్డాను. కంప్రెసర్ చప్పుడుకు మాట వినపడదు. రంధ్రంలోంచి పిండిలాంటి దుమ్ము ఫౌంటెన్‌లా లేచి అతని మోకాళ్ల మీద, ఛాతీ మీద, కనురెప్పల వెంట్రుకల మీద పేరుకుంటోంది. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. తడి తువ్వాలు, కానీ ఆ ఎండకు ఎంతసేపు తడిగా ఉంటుంది? తువ్వాలు నేత రంధ్రాల్లోంచి సులువుగా దూరిపోయేంత సన్నటి రేణువులే లోపలిదాకా వెళతాయి, కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. నీళ్ల పైపు పక్కనే చుట్టి ఉంది. ఎందుకు పెట్టలేదని అడిగితే, ‘బురదవుతుంది సార్, పని సాగదు’ అన్నాడు. వజ్రపు పూసల తీగతో రాయి కోసేటప్పుడు మాత్రం నీళ్లు తప్పకుండా పెడతారు, లేకపోతే తీగ తెగిపోతుంది. తీగ ఖరీదైనది.

మార్కాపురం పలకలు ఒకప్పుడు తెలుగునాట ప్రతి ఇంటా ఉండేవి. ఆ పలకల రాయి కోసే షెడ్డులో పనిచేసిన మా బంధువు ఒకాయన దగ్గుతో, ఆయాసంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. ఒకసారి క్షయ మందుల కోర్సు పూర్తి చేయించారు. తగ్గలేదు. మళ్లీ మొదలుపెట్టించారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం, ఎక్కడికి పోయినా అదే జరిగేది. ‘ఏం పని చేస్తావు?’ అని ఆయన్ను అడిగినవాళ్లు లేరు. ఎక్స్‌రే చూసిన యువ డాక్టరుకు మచ్చలు కనిపించాయి, క్షయ అనుకున్నాడు, క్షయ కూడా ఉండి ఉండవచ్చు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే జబ్బు సిలికోసిస్. అది చట్టప్రకారం తప్పనిసరిగా అధికారులకు తెలియజేయవలసిన జబ్బు. డాక్టరు మనసులోకి ఆ మాటే రాకపోతే తెలియజేసేది ఎవరు? ఆ ప్రశ్న అడగడం మూడో ఏడాదిలో వార్డులో నేర్పితే ఆలస్యమే. మొదటి ఏడాదిలో దుమ్ము మధ్య నిలబడి నేర్చుకున్నవాడు దాన్ని మర్చిపోడు.

ఇక్కడ హాల్డేన్‌లోని లోపం కూడా చెప్పాలి. క్వార్ట్జ్ (సిలికా ఖనిజం) ఉన్న రాతి దుమ్ము ప్రాణాంతకమని అంత ముందే చెప్పిన మనిషి, బొగ్గు దుమ్ము మాత్రం హాని చేయదని చివరిదాకా వాదించారు. అది తప్పు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుందని ఒప్పుకోవడానికి బ్రిటన్‌కు ఇంకా కాలం పట్టింది, ఆ జాప్యంలో ఆయన మాట బరువు కూడా ఉంది. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను రక్తంలోకి తామే స్రవిస్తాయన్న ఆయన నమ్మకం కూడా నిలవలేదు. అయితే ఈ రెండో తప్పు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. మొదటిదానికి మూల్యం బొగ్గుగని కార్మికులు చెల్లించారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, చీమకుర్తి గెలాక్సీ రాయి కూడా అలాంటి చిక్కుముడే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. నలుపు మీద మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఐదో వంతుకు తగ్గదు, గాబ్రోలో చాలా స్వల్పం. కాబట్టి మా దుమ్ముతో సిలికోసిస్ రాదని ఎవరైనా అనవచ్చు. అనేముందు కొలిచారా? అదే మనిషి నిన్న బల్లికురవ బూడిదరంగు రాయి తొలిచి ఉండవచ్చు, రేపు సైదాపురం వైపు తెల్లరాయి క్వారీకి పోవచ్చు. తెల్లరాయి అంటే దాదాపు శుద్ధమైన క్వార్ట్జ్. పాలిషింగ్ యూనిట్‌కు ఏ రాయి వస్తే అది కోస్తారు. సిలికా తక్కువ ఉన్న దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. మీ ప్రయోగశాలలో ఊదే గాలిని కొలిచే స్పైరోమీటర్ ఉంది. క్వారీలో చేరిన కొత్త కుర్రవాడు మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలుగుతున్నాడో ఈ ఏడాది కొలిచి, మళ్లీ ప్రతి ఏడాదీ కొలిస్తే, పదేళ్లలో ఈ వాదనకు జవాబు దొరుకుతుంది. ఊహతో దొరకదు.

ఉక్క సంగతి ఇంకా దగ్గరిది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. అప్పటి నుంచి ప్రతి వేసవిలో ఉష్ణోగ్రతల పట్టికలు వస్తున్నాయి. కనిగిరిలో ఇంత, మార్కాపురంలో ఇంత అని. ఆ పట్టిక సగమే చెబుతుందని హాల్డేన్ 1905లోనే చూపించారు. వేడి గనుల్లోను, వేడి గదుల్లోను తన ఒంటి ఉష్ణోగ్రతే కొలుచుకుని, మనిషి తట్టుకోగలడా లేదా అన్నది మామూలు థర్మామీటర్ తేల్చదని, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ తేలుస్తుందని చెప్పారు. కదలని గాలిలో ఆ తడి థర్మామీటర్ 31 డిగ్రీలు దాటితే, చొక్కా విప్పి ఊరికే కూర్చున్నా ఒంటి వేడి పెరుగుతూ పోతుంది. కష్టం చేసేవాడికి ఆ హద్దు ఇంకా చాలా కిందనే వస్తుంది.

లెక్క వేసి చూడండి. మార్కాపురంలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి థర్మామీటర్ 24 దగ్గర ఉంటుంది. అదే వేళ కొత్తపట్నం తీరంలో 36 డిగ్రీలే, కానీ తేమ 70 శాతం. తడి థర్మామీటర్ 31. పేపరు చూసినవాడు మార్కాపురం మండిపోతోంది, కొత్తపట్నం నయం అనుకుంటాడు. మార్కాపురం ఎండ చిన్నదని నేననడం లేదు, అక్కడ నీళ్లు దొరక్కపోతే మనిషి తొందరగానే ఎండిపోతాడు. కానీ కొత్తపట్నంలో రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసేవాడికి ఎన్ని నీళ్లు తాగినా చెమట ఆరదు. ఆరని చెమట చల్లబరచదు, కారిపోవడమే దాని పని. ఇసకపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లది ఇదే పరిస్థితి, పైగా కింద నుంచి తెల్లటి ఉప్పు మీద పడి తిరిగొచ్చే ఎండ. క్వారీ అడుగున గాలి కదలదు, నల్లరాయి వేడిని పట్టుకుని వదలదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్లు పగిలే ఎండను కొలవడానికి ఒక థర్మామీటర్ చాలు, మనిషి కూలిపోయే ఉక్కను కొలవడానికి రెండు కావాలి. రెండోదానికి చుట్టడానికి ఒక గుడ్డముక్క, గ్లాసెడు నీళ్లు.

మరొకటి కూడా ఉంది. లోతైన వేడి గనుల్లో పనివాళ్లకు కాళ్లు చేతులు మెలితిరిగే తిమ్మిర్లు వచ్చేవి. 1920ల్లో హాల్డేన్, ఆయన సహచరుడు మాస్ దానికి కారణం పట్టుకున్నారు. చెమటతో ఉప్పు పోతుంది, వాళ్లు ఉత్త నీళ్లే తాగుతారు, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. తాగే నీళ్లలో కాస్త ఉప్పు కలిపితే తిమ్మిర్లు ఆగాయి. వేసవి వస్తే మన కూడళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి, ఫొటోలు దిగుతారు. మంచిదే. ఉప్పేసిన మజ్జిగ అవసరమైనవాడు ఆ కూడలిలో లేడు, క్వారీ అడుగున ఉన్నాడు, ఉపాధి హామీ పని దగ్గర చెరువులో మట్టి తవ్వుతున్నాడు.

75 ఏళ్ల వయసులో పర్షియా, ఇరాక్ వెళ్లి చమురు శుద్ధి కర్మాగారాల్లో కార్మికులకు వడదెబ్బ ఎందుకు తగులుతోందో పరిశీలించి వచ్చారు హాల్డేన్. తిరిగి వచ్చిన కొద్దికాలానికే, 1936లో, న్యుమోనియాతో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. రెండేళ్ల ముందే రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం అందుకున్న మనిషి. ఆ వయసులో ఎవరూ ఆయన్ను పొమ్మనరు. ఆయన పోయారు.

మన జిల్లాలు ఇలాంటి శాస్త్రానికి కొత్తవి కావు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగని, మెడ తిరగని మనుషులను పరీక్షించి, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బు వైద్య పత్రికకు ఎక్కింది ఆ పల్లెల నుంచే. వాళ్లు ఊళ్లలోకి రాబట్టి తెలిసింది. ఊళ్ల నుంచి మనుషులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగి ఉంటే, వాతం అని పంపేసేవారు.

మీకు సిలబస్ ఉంది, పరీక్షలు ఉన్నాయి, ఎథిక్స్ కమిటీ ఉంది, క్వారీ యజమాని గేటు తీస్తాడో లేదో తెలియదు. ఇవన్నీ నాకూ తెలుసు. కానీ మీ విద్యార్థులు, ఒక్కొక్కరు కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని గమనించే కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఇప్పటికే పల్లెలకు వెళుతున్నారు. ఆ దత్తత కుటుంబాల్లో కొన్నింటిని క్వారీ కార్మికుల నుంచి, పలకల షెడ్ల వాళ్ల నుంచి, ఉప్పు కూలీల నుంచి ఎంచుకోవడానికి అడ్డేమిటి? వలస వచ్చిన ఒడిశా, బిహార్ కూలీలను మర్చిపోవద్దు, వాళ్లకు ఇక్కడ రేషన్ కార్డు లేకపోవచ్చు కానీ ఊపిరితిత్తులు ఉన్నాయి. యజమానులకు కూడా చెప్పండి, ఇది తనిఖీ కాదు, పాఠం అని. వినని వాళ్లు ఉంటారు. వినేవాళ్లతో మొదలుపెట్టండి. ఇక ఇతరుల మీద పరీక్షలకు అనుమతి వచ్చేలోగా, హాల్డేన్ దారి ఉండనే ఉంది: ముందు మీ మీదే చేసుకోండి. పనికి దిగే ముందు, దిగిన గంట తర్వాత మీ బరువు తూచుకోండి. తగ్గినదంతా చెమట. తాగిన నీళ్లు కలిపి లెక్క కట్టండి. నాడి కొలవండి. తడి థర్మామీటర్ చదవండి. ఆ అంకెలు ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, క్వారీ గేటు దగ్గర, టీ బంకు దగ్గర అంటించండి. ఏ వేళకు పని ఆపాలో వాళ్లే అడగడం మొదలుపెడతారు.

అమ్మాయిలూ అబ్బాయిలూ, మీకు ఒక మాట. ప్రయోగశాలలో వేలు పొడుచుకుని హీమోగ్లోబిన్ కొలిచేటప్పుడు మీరు ముఖం చిట్లించుకుంటారని మీ సీనియర్లు చెబుతారు. ఆ కొలత పరికరాన్ని 1901లో మెరుగుపరిచినవారిలో ఈయన కూడా ఉన్నారు. ఆయనకు తన రక్తమే చేతికందిన నమూనా.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. ఈ ఏడాది ఆ పదిహేను రోజుల్లో ఒక రోజు నిర్ణయించండి. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో చీమకుర్తి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. నెల్లూరు వారికి అల్లూరు మీదుగా ఇసకపల్లి దగ్గర. దారి చూపించడానికి, తెలిసిన మేస్త్రీలతో మాట్లాడి పెట్టడానికి నా పాత విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. వాళ్లను అడిగే రాస్తున్నాను. పొద్దున ఎనిమిదికల్లా చేరుకుంటే పదకొండు దాకా పని చూడవచ్చు, ఆ తర్వాత అక్కడ ఉండటం కష్టం. రెండు థర్మామీటర్లు, బరువు తూచే యంత్రం, స్పైరోమీటర్, టోపీలు తెచ్చుకోండి. తాగే నీళ్లు, ఉప్పు కూడా మీరే తెచ్చుకోవాలి, క్వారీ అడుగున దొరకవు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు
సంతనూతలపాడు, ప్రకాశం జిల్లా